బండి రాష్ట్రం దాటితే



శ్రీకాకుళం జిల్లా నౌపడ జంక్షన్‌లో గుణుపురం రైలెక్కితే టెక్కలి, పాతపట్నం దాటాక పర్లాకిమిడి వస్తుంది. అప్పటికే మనం ఒడిశాలో ఉంటాం. ఆ లైను పర్లాకిమిడి సంస్థానం వారు వేయించింది. 1900లో చిన్న పట్టాల మీద మొదలైంది. ఒడిశా వేరే రాష్ట్రమైంది 1936 ఏప్రిల్ 1న. అంటే మా వైపు రైలు కంటే సరిహద్దే ముప్పై ఆరేళ్లు చిన్నది. అందుకేనేమో, ఆ గీత మా వాళ్లకి పెద్దగా ఆనదు. సంబంధాలు అటూ ఇటూ కలుపుకుంటారు. జబ్బు ముదిరితే విశాఖ వెళ్లేవాళ్లు విశాఖ వెళ్తారు, బరంపురం వెళ్లేవాళ్లు బరంపురం వెళ్తారు. టెక్కలి బజారులో కాసేపు నిలబడి చూడండి, ఏపీ 30, ఏపీ 39 నంబర్ల మధ్య ఓడీ 07, ఓడీ 20 బండ్లు కూడా తిరుగుతూ కనిపిస్తాయి. మొదటిది గంజాం జిల్లాది, రెండోది గజపతి జిల్లాది.

మనిషికి ఆనని సరిహద్దు బండికి మాత్రం ఆనుతుంది. ఆ సంగతి ఎక్కువమందికి తెలిసేది ఇన్సూరెన్స్ రెన్యువల్ నాడు. బెంగళూరులో ఉద్యోగం వచ్చి కారు అక్కడికి తీసుకెళ్లినవాడు, హైదరాబాదు నుంచి ఊరికి వచ్చేసినవాడు, బరంపురంలో పాత కారు కొని తెచ్చుకున్నవాడు అందరిదీ ఒకటే మాట. "రాష్ట్రం మారింది కదా, రేటు పెంచేశారు." నేను టెక్కలి చుట్టుపక్కల ఇన్సూరెన్స్ కాగితాలతోనే కాలం గడిపినవాణ్ణి. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో! అందులో నిజం ఎంత, మన చేతులారా తెచ్చుకున్నది ఎంత, ఈ పూట లెక్క చూద్దాం.

ముందుగా ఒక అనుమానం తీర్చేస్తాను. ఆంధ్రాలో కట్టిన ఇన్సూరెన్స్ ఒడిశాలో చెల్లదని కొందరు అనుకుంటారు. చెల్లుతుంది. పాలసీ దేశమంతటికీ వర్తిస్తుంది. ఇచ్ఛాపురం దాటగానే అది చిత్తు కాగితం అయిపోదు.

ఇక పాలసీ కాగితం చేతిలోకి తీసుకోండి. అందులో డబ్బు లెక్క ప్రధానంగా రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి థర్డ్ పార్టీ. మన బండి వల్ల ఎదుటివాడికి ప్రాణం పోయినా, దెబ్బ తగిలినా, ఆస్తి పాడైనా కంపెనీ భరించే భాగం. ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదని మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను. లేకుండా దొరికితే మొదటిసారి 2,000 రూపాయలు, మళ్ళీ దొరికితే 4,000. జైలు మాట కూడా ఉంది అందులో. ఈ ముక్క ధర కంపెనీ పెట్టేది కాదు, కేంద్ర ప్రభుత్వం పెట్టేది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక చూస్తే 1000 సీసీ లోపు సొంత కారుకి 2,094, 1000 నుంచి 1500 సీసీ దాకా 3,416, ఆ పైన 7,897 రూపాయలు. నౌపడలో ఉన్నా, ముంబైలో ఉన్నా అదే. రాష్ట్రం మారినందుకు ఇక్కడ ఒక్క పైసా పెరగదు.

రెండోది మన బండికి జరిగే నష్టం. దాన్ని ఓన్ డ్యామేజ్ అంటారు. ఈ రెండూ కలిపి కట్టిన దాన్నే మన వాళ్లు ఫుల్ ఇన్సూరెన్స్ అంటారు. ఊరి సంగతి వచ్చేది ఈ రెండో ముక్కలోనే. దేశాన్ని ఎప్పటినుంచో రెండు జోన్లుగా విడగొట్టి పెట్టారు. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై, ముంబై, పుణె, అహ్మదాబాదు, కోల్‌కతా, న్యూఢిల్లీ, ఈ ఎనిమిదీ ఏ జోను. మిగతా దేశమంతా బీ జోను. శ్రీకాకుళం, విజయనగరమే కాదు, విశాఖపట్నం కూడా బీ జోనే. కారు ఏ ఆర్టీవో ఆఫీసులో రిజిస్టర్ అయిందో దాన్నిబట్టి జోను. మీరు ఎక్కడ పడుకుంటున్నారన్నది కాదు.

అయితే ఆ జోను తేడా ఎంత? పాత టారిఫ్ పట్టిక తీసుకుందాం. అయిదేళ్ల లోపు వయసున్న 1200 సీసీ కారు. బీ జోనులో బండి విలువ మీద నూటికి 3.191, ఏ జోనులో 3.283. కారు విలువ 5 లక్షలు అనుకుంటే శ్రీకాకుళం నంబరుకి 15,955 రూపాయలు, బెంగళూరు నంబరుకి 16,415. తేడా 460 రూపాయలు. ఇద్దరు కూర్చుని టిఫిను చేసి సినిమాకి వెళ్తే అయ్యే ఖర్చు. 2007 జనవరి 1 నుంచి ఈ భాగంలో కంపెనీలకు సొంత రేట్లు పెట్టుకునే స్వేచ్ఛ వచ్చింది. ఏ ఊళ్లో దొంగతనాలు ఎక్కువ, ఏ ఊళ్లో గుద్దుళ్లు ఎక్కువ అన్నది చూసి ఒకచోట తగ్గింపు ఎక్కువ ఇస్తాయి, ఒకచోట తక్కువ ఇస్తాయి. అందుకని అదే కారుకి రెండు కంపెనీల మధ్య తేడా ఈ 460 కంటే ఎక్కువే రావచ్చు. కానీ ఊరిని తిట్టుకునేంత మాట మాత్రం జోనులో లేదు.

మరి పెరిగిందెక్కడ?

మన ఊరి కుర్రాడొకడి లెక్క చెప్తాను. టెక్కలిలో కొన్న కారు, నాలుగేళ్లు ఒక్క క్లెయిమూ లేదు. ఉద్యోగం బెంగళూరుకి మారింది. కారుతో పాటు వెళ్ళాడు. అక్కడ కేఏ నంబరు తీయించుకున్నాడు. రెన్యువల్ వచ్చేసరికి నాకు ఫోను.

"ఏటి మావా, నాలుగేళ్లు సెయ్యి సాపి అడగనేదు. ఇప్పుడు ఇరవై మూడు వేలు కట్టమంతన్నారు. బెంగుళూరంటే మరీ ఇంత దోపిడీయా?"

"ముందు కాగితం ఫొటో తీసి పంపించరా అల్లుడూ, తరవాత బెంగుళూరు సంగతి సూద్దాం" అన్నాను.

కంపెనీ తన సొంత తగ్గింపు ఏదీ ఇవ్వలేదనుకుందాం, లెక్క తేలికవుతుంది. సొంత బండి భాగం 16,415. థర్డ్ పార్టీ 3,416. రెండూ కలిపి 19,831. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 23,401 రూపాయలు. వాడి ఇరవై మూడు వేలు అదే. ఇందులో తప్పు అంకె ఒక్కటీ లేదు. ఉండాల్సిన ఒక అంకె లేదు, అంతే. నో క్లెయిమ్ బోనస్ అని ఒక గడి ఉంటుంది. అందులో సున్న ఉంది.

ఆ గడి ఎలా నడుస్తుందంటే, ఏడాదంతా క్లెయిమ్ పెట్టకపోతే మరుసటి ఏడు సొంత బండి భాగంలో 20 శాతం తగ్గిస్తారు. వరసగా రెండేళ్లయితే 25, మూడేళ్లయితే 35, నాలుగేళ్లకి 45, అయిదేళ్లకి 50. అక్కడితో ఆగుతుంది. మా వాడికి 45 రావాలి. 16,415లో 45 శాతమంటే 7,387 రూపాయలు. అది తగ్గించి, జీఎస్టీతో కలిపి కడితే 14,684తో పోయేది. జోను మారినందుకు పడిన భారం 460, బోనస్ పోయినందుకు పడింది దానికి పదహారు రెట్లు.

బోనస్ ఎలా పోయింది? నంబరు మార్పు పనిలో తిరుగుతూ పాత పాలసీ గడువు దాటనిచ్చాడు. కొత్త సీబుక్కు వచ్చాక ఒక్కసారే కడదామనుకున్నాడు. గడువు దాటిన 90 రోజుల్లోపు కట్టి ఉంటే బోనస్ బతికేది. ఆ గీత దాటిపోయింది. రాష్ట్రం మారే వాళ్లలో నేను ఎక్కువగా చూసిన నష్టం ఇదే. ఎన్‌ఓసీ అనే నిరభ్యంతర పత్రం అడగడం, ఫైనాన్సు ఉంటే బ్యాంకు ఒప్పుకోలు తేవడం, అవతల ఆర్టీవోలో కట్టడం, ఈ మధ్యలో నెలలు గడిచిపోతాయి. రిజిస్ట్రేషను పని వేరు, ఇన్సూరెన్స్ గడువు వేరు. పాత నంబరు మీదే రెన్యువల్ చేయించి, కొత్త నంబరు వచ్చాక పాలసీలో మార్పించుకోవచ్చు. దానికి ఎండార్స్‌మెంట్ అంటారు. కంపెనీ మారినా బోనస్ మీ వెంటే వస్తుంది, పాత పాలసీ కాగితం చూపిస్తే చాలు.

ఇంకో సంగతి చెప్పాలి, వినేవాళ్లలో బండి అమ్మే ఆలోచనలో ఉన్నవాళ్లు ఉంటారు. ఈ బోనస్ బండిది కాదు, మనిషిది. ఇక్కడ కారు అమ్మేసి వెళ్లి, అక్కడ ఇంకోటి కొనుక్కునేవాళ్లు పాత కంపెనీ దగ్గర బోనస్ ఉత్తరం తీసుకుని వెళ్లాలి. మూడేళ్లలోపు కొత్త కారుకి దాన్ని వాడుకోవచ్చు. ఈ ఉత్తరం అడిగేవాళ్లు చాలా తక్కువ. ఏజెంటు తనంతట తాను చెప్పడం ఇంకా తక్కువ. ఆ మాటలో నన్నూ కలుపుకోండి, మా వృత్తిలో కమీషను వచ్చేది కొత్త పాలసీ మీద, పాత బోనస్ మీద కాదు.

ఇప్పుడు బరంపురం, పర్లాకిమిడి నుంచి పాత బండ్లు తెచ్చుకునే వాళ్ల దగ్గరకి వద్దాం. మా ప్రాంతానికి అసలు బెడద ఇది. అమ్మేవాడు సీబుక్కు, ఇన్సూరెన్స్ కాగితం, సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇస్తాడు. "ఇన్సూరెన్స్ ఇంకా ఎనిమిది నెలలు ఉంది, దిగులు లేదు" అంటాడు. కొన్నవాడు ఆ కవరు డ్యాష్‌బోర్డులో పడేసి, అదే ఓడీ నంబరుతో సంవత్సరాలు తిరుగుతాడు.

ఆ ఎనిమిది నెలల్లో ఇతనిది ఎంత? బండి చేతులు మారినప్పుడు థర్డ్ పార్టీ భాగం దానంతటదే కొన్నవాడికి వర్తిస్తుందని చట్టంలో 157వ సెక్షను చెబుతుంది. అయినా 14 రోజుల్లోపు కంపెనీకి అర్జీ పెట్టి కాగితం మీద పేరు మార్పించుకోవాలి. సొంత బండి భాగం మాత్రం దానంతటదే రాదు. 1995లోనే సుప్రీంకోర్టు ఈ తేడా తేల్చి చెప్పింది. అంటే పేరు మారకుండా మీ కారు కోటబొమ్మాళి దగ్గర లారీని గుద్దుకుంటే, లారీవాడి నష్టానికి కంపెనీ ఉంటుంది, మీ ముందు భాగం ఎగిరిపోయినదానికి ఉండదు. పాలసీ రాసింది బరంపురం ఆయన పేరు మీద. ఆయన కారేమో ఆయన దగ్గర లేదు. బండి మీ దగ్గరుంది గానీ పాలసీలో మీరు లేరు. సర్వేయర్ వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లిపోతాడు, అంతే.

అమ్మినవాడికీ ఇందులో సుఖం లేదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. ఒక కారు చేతులు మారింది, మారింది, ఆర్టీవో పుస్తకంలో మాత్రం మొదటి మనిషి పేరే ఉండిపోయింది. ఆ కారు వల్ల ప్రాణం పోయింది. ఇన్సూరెన్స్ లేదు. నష్టపరిహారం ఎవరు కట్టాలి? పుస్తకంలో పేరు ఎవరిదో వారే యజమాని అంది కోర్టు. అమ్మేశానని కాగితం చూపించినా లాభం లేకపోయింది. కనుక ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి బండి తోలేసే మన వాళ్లు ఆ ఫారాలు ఆర్టీవోకి చేరాయో లేదో ఒకసారి ఆరా తీయాలి.

చట్టం ప్రకారం ఒక రాష్ట్రం నంబరు బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలి, 47వ సెక్షను. పాత చోట ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, తెచ్చుకోవాలి. అప్పుడు ఇక్కడ లైఫ్ ట్యాక్స్ అడుగుతారు, బండి వయసును బట్టి తగ్గించి. పాత రాష్ట్రంలో ముందే కట్టేసిన పన్నులో మిగిలిన ఏళ్లకి తిరిగి ఇమ్మని అక్కడ అడగాలి. నా అభిప్రాయం చెప్పమంటే, రాష్ట్రం మారినప్పుడు నిజంగా నడుం విరిచేది ఇన్సూరెన్స్ కాదు, ఈ లైఫ్ ట్యాక్సే. ఒకచోట కట్టి, ఇంకోచోట మళ్ళీ కట్టి, మొదటిచోట నుంచి తిరిగి రాబట్టుకోవడం సామాన్యుడికి రెండో ఉద్యోగం. దానికి భయపడే జనం పాత నంబరుతోనే తిరుగుతారు. ఆ భయంలోనే ఇన్సూరెన్స్ పేరు మార్పు కూడా అటకెక్కుతుంది. పన్ను ఎగ్గొట్టాలనే దురాశ కొందరిదైతే, ఎక్కువమందిది మాత్రం విసుగు.

బదిలీల ఉద్యోగాల వాళ్లకి 2021 సెప్టెంబరు 15 నుంచి ఒక దారి వచ్చింది. భారత్ సిరీస్, బీహెచ్ నంబరు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, రక్షణ శాఖ వాళ్లు, ప్రభుత్వ రంగ సంస్థల వాళ్లు, నాలుగు రాష్ట్రాలకు తగ్గకుండా ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల వాళ్లు తీసుకోవచ్చు. రాష్ట్రం మారితే నంబరు మార్చక్కర్లేదు. పన్ను ఒకేసారి కాకుండా రెండేళ్లకోసారి కట్టుకుంటూ పోవచ్చు. మా నౌపడ రైల్వే క్వార్టర్ల వాళ్లకి ఇది అచ్చంగా సరిపోయే ఏర్పాటు. ఈ ఏడు నౌపడ, వచ్చే ఏడు ఇంకెక్కడో అన్న బతుకులు వాళ్లవి. ముందే మామూలు నంబరు ఉన్నవాళ్లు కూడా బీహెచ్‌కి మారే వీలు ఆ తరవాత కల్పించారు. ఉప్పు మడుల్లో పనిచేసే మనిషికీ, సొంతంగా ఆటో నడుపుకునే మనిషికీ ఈ దారి లేదు. వాళ్లు కూడా వలస వెళ్తారు మరి.

కొత్త బండి వేరే రాష్ట్రంలో కొని తెచ్చుకునే వాళ్లకి ఒక కథ చెప్పాలి. కథ అన్నానే గాని జరిగిందే. రాజస్థాన్ మనిషి ఒకాయన పంజాబులో కొత్త బొలెరో కొన్నాడు. తాత్కాలిక రిజిస్ట్రేషను ఇచ్చారు. దాని గడువు 2011 జులైలో అయిపోయింది. శాశ్వత నంబరు కోసం అర్జీ పెట్టకుండానే బండి వేసుకుని జోధ్‌పూర్ వెళ్లాడు. గెస్ట్‌హౌస్ బయట పెట్టిన బండి తెల్లారేసరికి లేదు. ఇన్సూరెన్స్ ఉంది, ప్రీమియం కట్టాడు. అయినా కంపెనీ ఇవ్వనంది. రాష్ట్ర, జాతీయ వినియోగదారుల కమిషన్లు ఆయన పక్షానే చెప్పాయి. 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మాత్రం, రిజిస్ట్రేషను లేని బండిని రోడ్డు మీదకి తేవడమే పాలసీ షరతు మీరడం, కంపెనీ ఇవ్వక్కర్లేదంది. బరంపురం షోరూములో బండి తీసుకుని, "నంబరు నెమ్మదిగా చూసుకుందాం" అనుకునేవాళ్లు ఈ బొలెరోని గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

సరే, రేటు తగ్గించుకునే దారుల మాటేమిటి? అన్నిటికంటే జనం ఇష్టపడేది అన్నిటికంటే చెడ్డది. బండి విలువ తగ్గించి రాయించడం. పాలసీలో ఐడీవీ అని ఉంటుంది. బండి దొంగతనం జరిగినా, మొత్తం పోయినా కంపెనీ ఇచ్చే గరిష్ఠ సొమ్ము అది. 5 లక్షల బండికి 4 లక్షలు రాయిస్తే మూడు వేల పైచిలుకు తగ్గుతుంది. రోడ్డు పక్క దుకాణంలో కూర్చున్న కుర్రాడు కంప్యూటర్లో ఆ అంకె ఒక్కటి కిందకి లాగి "చూశారా సార్, మీకు తక్కువ చేశాను" అంటాడు. ఆ మూడు వేల కోసం లక్ష వదులుకున్నట్టు కాగితం మీద సంతకం పెట్టి, థాంక్స్ చెప్పి వచ్చేస్తాం.

దీనికంటే నయమైన దారి వాలంటరీ డిడక్టిబుల్. క్లెయిమ్ వచ్చినప్పుడు మొదటి ఇన్ని వేలు నేనే పెట్టుకుంటానని ముందే ఒప్పుకోవడం. పాత పట్టికలో 2,500 మీరు భరిస్తానంటే 20 శాతం తగ్గింపు ఉండేది, 750 రూపాయల పరిమితితో. 15,000 భరిస్తానంటే 35 శాతం, 2,500 పరిమితితో. చిన్న గీతలకి క్లెయిమ్‌కి పోని అలవాటు ఉన్నవాళ్లకి ఇది సరిపోతుంది. ఆ అలవాటు లేనివాళ్లు చేసుకోవాలి కూడా. డోరు మీద గీత పడితే షెడ్డులో మూడు వేలకి డెంటింగు, పెయింటింగు అయిపోతుంది. దానికి క్లెయిమ్ పెడితే ఇందాకటి లెక్కలో వచ్చే ఏడు 7,387 పోతుంది, బోనస్ మెట్లు మళ్ళీ కిందనుంచి ఎక్కాలి.

ఫుల్ ఇన్సూరెన్స్ మానేసి థర్డ్ పార్టీతో సరిపెట్టుకోవడం ఇంకో దారి. పదేళ్లు దాటిన బండి, అమ్మితే లక్ష కూడా రాదంటే తప్పులేదు. కానీ తీరం దగ్గర ఉండే మనం రెండుసార్లు ఆలోచించాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలా కూలాయో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. చెట్టు కూలి బండి మీద పడితే, తుపాను నీళ్లలో మునిగితే, ఆ నష్టం సొంత బండి భాగంలోనే వస్తుంది. థర్డ్ పార్టీలో రాదు. చెట్టు మీకు ఎదుటి పార్టీ కాదు. నీళ్లలో మునిగిన కారు విషయం ఇంకోటి, తాళం తిప్పి స్టార్ట్ చెయ్యకండి. ఇంజనులోకి నీళ్లు లాగి పాడైతే, దానికి వేరే రక్షణ కట్టుకుని ఉంటే తప్ప కంపెనీలు ఒప్పుకోవు. టోయింగ్ బండి పిలిచి షెడ్డుకి చేర్చండి.

మా నౌపడ వాళ్లకి ప్రత్యేకంగా ఒక ముక్క. ఉప్పు గాలికి సైలెన్సరు పుచ్చిపోతుంది, డోరు కింద అంచు పొరలు పొరలుగా రాలుతుంది, ఫ్లోరు ప్లేటుకి చిల్లులు పడతాయి. మడుల గట్ల మీద తిరిగే బండి అయితే ఇంకా తొందరగా. అది ఏ ఇన్సూరెన్స్‌లోనూ రాదు. తుప్పు ప్రమాదం కింద లెక్క కాదు, అరుగుదల కింద లెక్క. ఎంత పెద్ద పాలసీ కట్టినా సర్వేయర్ ఆ తుప్పుని వేలితో గీకి చూసి పక్కన పెడతాడు. వారానికోసారి మంచినీళ్లతో కింద భాగం కడిగించడమే దానికి మందు.

రాష్ట్రం మారితే రేటు నిజంగా తలకిందులయ్యే చోటు లేకపోలేదు. అది అమెరికా. మన జిల్లాల పిల్లలు అక్కడ డల్లాస్ నుంచి డెట్రాయిట్‌కి, న్యూజెర్సీ నుంచి కాలిఫోర్నియాకి మారుతూ ఉంటారు. వాళ్ల తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు, కారు అదే, నడిపేవాడు అదే, ఇంత తేడా ఎందుకని. అక్కడ ఇన్సూరెన్స్ చట్టం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. 1945లో వాళ్ల కాంగ్రెస్ చేసిన చట్టంతో ఆ పెత్తనం రాష్ట్రాల చేతిలోనే ఉంచారు. మిషిగన్‌లో తప్పు ఎవరిదైనా సరే, దెబ్బ తగిలిన మనిషికి వైద్యం ఖర్చు తన ఇన్సూరెన్సే పెట్టుకోవాలి, అదీ ఒకప్పుడు జీవితాంతం, పరిమితి లేకుండా. చాలా కాలం అలా నడిచి దేశంలోనే ఖరీదైన చోట్లలో ఒకటిగా పేరు పడింది. 2020 జులై 2 నుంచి తక్కువ పరిమితి ఎంచుకునే వీలు పెట్టారు. కాలిఫోర్నియాలో 1988లో జనం ఓటు వేసి గెలిపించిన చట్టం ఒకటి ఉంది. అక్కడ డ్రైవింగు రికార్డు, ఏడాదికి తిరిగే మైళ్లు, ఎన్నేళ్లుగా నడుపుతున్నారు అన్నవే రేటుకి ముఖ్యం. అప్పులు సరిగ్గా తీరుస్తున్నారా లేదా అని చెప్పే క్రెడిట్ స్కోరు చూసి రేటు కట్టడానికి అక్కడ వీల్లేదు. టెక్సస్‌లో చూస్తారు. కొత్తగా వెళ్లిన కుర్రాడికి అక్కడ క్రెడిట్టూ ఉండదు, డ్రైవింగు చరిత్రా ఉండదు. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా హైవే మీద పదేళ్లు నడిపానంటే వాళ్ల కంప్యూటరుకి పట్టదు.

అక్కడి పిల్లలు చేసే పొరపాటు ఒకటుంది, స్నేహితుడి అడ్రసు ఇచ్చి చవక రాష్ట్రం రేటు కట్టడం. బండి రాత్రి ఎక్కడ ఉంటుందో ఆ అడ్రసే చెప్పాలి. అబద్ధమని తేలితే ప్రమాదం రోజున పాలసీ లేనట్టే. కొత్త రాష్ట్రంలో రిజిస్ట్రేషనుకి గడువు కూడా చిన్నదే, టెక్సస్‌లో 30 రోజులు, న్యూజెర్సీలో 60. ఇల్లు అద్దెకి తీసుకునే ముందే ఆ జిప్ కోడ్ మీద నాలుగైదు కంపెనీల రేట్లు అడిగి చూసుకుంటే మంచిది. రెండు వీధుల తేడాలో కూడా రేటు మారుతుంది అక్కడ. పాత పాలసీ ఆపేసిన రోజుకీ కొత్తది మొదలైన రోజుకీ మధ్య ఒక్క రోజు కూడా ఖాళీ ఉండకూడదు. ఈ ఒక్క విషయంలో బెంగళూరు అల్లుడికీ డల్లాస్ కుర్రాడికీ తేడా లేదు.

ఇక చివరి మాట, కంపెనీ మీద ఫిర్యాదు. బోనస్ రావాల్సినంత ఇవ్వలేదనో, క్లెయిమ్ అన్యాయంగా కొట్టేశారనో అనిపిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకి ఆ ఆఫీసు హైదరాబాదులో ఉంది, ఒడిశాకి భువనేశ్వర్‌లో. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల దాకా వ్యవహారాలు తీసుకుంటారు. కంపెనీ తేల్చి చెప్పిన ఏడాదిలోపే వెళ్లాలి. మీరు పర్లాకిమిడిలో ఉంటూ టెక్కలి బ్రాంచిలో పాలసీ కట్టారనుకోండి, మీరుండే చోటును బట్టి గానీ, ఆ బ్రాంచి ఉన్న చోటును బట్టి గానీ వెళ్లొచ్చు. పాలసీ నకలు, కంపెనీకి ఇచ్చిన ఉత్తరం, వాళ్ల జవాబు, సీబుక్కు జిరాక్సు జతపరచండి. ఉత్తరం తెలుగులో రాసినా ఫరవాలేదు, తేదీలు మాత్రం తప్పకుండా వేయండి.